చుక్క పొడవని శనివారం

శనివారం ఉదయమైంది. తెల్లవారిందని రాయడానికి వీల్లేదు. తెల్లవారాలంటే ముందు చీకటి పడాలి. జూన్ నెలలో అలాస్కా కొసన చీకటి పడటమంటే, అల్లుడు అత్తగారి కాళ్ళ మీద పడటమంత అరుదు.

ఓడ బేరింగ్ సముద్రంలో మెల్లగా ఊగుతోంది. డైనింగ్ హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర నరసింహ వాఫిల్ మీద ఆవకాయ రాసుకుంటున్నాడు. ఆవకాయ ఎడారి ఊరు చాండ్లర్ నుంచి వచ్చింది. ఆయనా అక్కణ్ణుంచే వచ్చాడు. అక్కడి చిప్‌ల ఫ్యాక్టరీలో తల నెరిసేదాకా పనిచేసి, "చిప్‌లు చేశాను గానీ చిప్ప చేతికి రాకుండా బయటపడ్డాను" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ మొన్ననే రిటైరయ్యాడు. ఆ ముచ్చటకే కూతురు వేద ఈ ఓడ ప్రయాణం బుక్ చేసింది.

వేద అమెరికా తూర్పు కొసన ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ ఇంజనీరు. ఏదైనా ఏర్పాటు చేసిందంటే సూది మొన సందు కూడా వదలదు. శాకాహారం చెప్పింది, వాంతుల మాత్రలు తెచ్చింది, బయట కాలు పెడితే చెప్పు కరిగే ఎండలో చాండ్లర్ కొట్లన్నీ తిరిగి తల్లిదండ్రులకి ఉన్ని కోట్లు కొన్నది. సెవార్డ్ రేవులో ఓడ ఎక్కారు. కొండల సందుల్లోకి సముద్రం దూరిపోయిన ఫ్యోర్డ్‌లు చూశారు. "ఇన్నాళ్ళూ ఫోర్డ్‌లో తిరిగాను, ఫ్యోర్డ్‌లో తిరగడం ఇదే మొదలు" అన్నాడు నరసింహ. మంచుకొండ విరిగి ఉరిమినట్టు నీళ్ళలో పడితే ఆయన భార్య నళిని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నిన్న నోమ్ అనే ఊళ్ళో ఆగినప్పుడు, "ఊరి పేరే నోము! శనగల వాయనం ఇస్తారేమో అడుగు నళినీ" అన్నాడు ఆయన. అప్పుడు కూడా ఆవిడ పగలబడి నవ్వింది.

ఇవాళ మాత్రం నవ్వలేదు. ఖాళీ ప్లేటు, కాఫీ కప్పు ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఏంటమ్మా, పాన్‌కేక్స్ తెమ్మంటావా?" అంది వేద.

"వద్దే. ఇవాళ శనివారంట. లిఫ్ట్‌లో తివాచీ మీద రాసి ఉంది. రోజుకో వారం పేరున్న తివాచీ మారుస్తారు చూడు, భలే ఏర్పాటు. వంట లేక నాకు వారమే తెలియడం లేదు. చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పాన్‌కేకే ఇడ్లీ అనుకుని తినేసేదాన్ని."

నళిని శనివారం శనివారం నక్తం ఉంటుంది. పగలంతా కాఫీ, మజ్జిగ. పొద్దుగూకి, పెరట్లో నిలబడి మొదటి చుక్కని చూశాకే భోజనం. కొన్నేళ్ళుగా తప్పలేదు. చాండ్లర్ ఆకాశం అందుకు బాగా సహకరించింది. అక్కడ మబ్బులు చుట్టాల్లాంటివి, ఎప్పుడో వస్తాయి, ఫోటో దిగి వెళ్ళిపోతాయి.

వేద చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "అమ్మా... ఇక్కడ చుక్కలు రావు."

"రాకపోవడమేమిటే? ఆకాశమన్నాక..."

"సూర్యుడే వెళ్ళడు కదా! రూంలో నల్ల కర్టెన్లు వేసుకుని పడుకుంటున్నాం కాబట్టి తెలియట్లేదు. స్టార్స్ కావాలంటే ఆగస్టులో రావాలి. ఓడలో గైడ్ చెప్పింది."

తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నీ ఆలోచించిన వేద రాత్రిని ఆలోచించలేదు. పంచాంగం చూడకుండా పెరుగు కూడా తోడు వెయ్యని నళిని, పంచాంగంలో అస్తమయమే లేని ఊళ్ళు ఉంటాయని ఊహించలేదు.

"చుక్కకేం కరువు, పై అంతస్తులో బార్ ఉందిగా!" అన్నాడు నరసింహ గట్టిగా. తనే నవ్వాడు. పక్క బల్లవాళ్ళు అర్థం కాకపోయినా మర్యాదకి నవ్వారు.

"నాన్నా, ప్లీజ్. అమ్మా, పొద్దున షుగర్ టాబ్లెట్ వేసుకున్నావు. తినకపోతే లో అయిపోతావు. ఇదిగో, ఈ యాప్ చూడు. ఫోన్ ఎటు తిప్పితే అటున్న చుక్కని చూపిస్తుంది. పగలైనా అక్కడే ఉంటాయి, మనకి కనబడవు అంతే."

నళిని కుతూహలంగా ఫోన్ అందుకుని కిటికీ వైపు తిప్పింది, పైకప్పు వైపు తిప్పింది, చివరికి నేల వైపు కూడా. "ఓసినీ! కాళ్ళ కింద కూడా ఉన్నాయే!" అని మురిసి, ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "బావుంది. కానీ ఫోన్లో చుక్కని చూసి తింటే, ఫోన్లో అన్నాన్ని చూసి త్రేన్చినట్టే."

మధ్యాహ్నానికి మైకులో గైడ్ గొంతు వినబడింది. అందరూ డెక్ మీదకి పరిగెత్తారు. రెండు లంకలు, ఒకదాని వెనక ఒకటి. ముందున్న చిన్నది అమెరికాది, వాలుకి అంటుకుని గుప్పెడు ఇళ్ళు. వెనకున్న పెద్దది రష్యాది. రెంటికీ మధ్య తేదీ రేఖ పోతోందనీ, అక్కడ ఇప్పటికే రేపయిందనీ గైడ్ చెప్పింది.

నరసింహ బైనాక్యులర్స్ దింపి భార్య దగ్గరికి ఉరికాడు. "నళినీ! అదిగో ఆదివారం! నల్లగా గూని వీపులా కనబడుతోందే, అదే! శనివారం అయిపోయింది, కళ్ళారా చూసుకో, లోపలికెళ్ళి తినేద్దాం."

ఆవిడ బైనాక్యులర్స్‌లోంచి చాలాసేపు చూసింది. "ఎంత చిత్రమండీ! ఇక్కణ్ణుంచి రేపు కనబడుతోందా? రేపు కూడా ఇవాళ్టిలాగే ఉందే, అదే మంచు, అవే పిట్టలు." తర్వాత తాపీగా అంది. "ఆదివారం రష్యాలో ఉంది. నా కడుపు అమెరికాలో ఉంది."

"ఓడెక్కి ఓడిపోవడమంటే ఇదే," అన్నాడు నరసింహ కూతురితో. "నాకు పట్టపగలే చుక్కలు చూపిస్తుంది గానీ, తనకి చూపించడం ఎవరి తరం!"

నళిని కూడా నవ్వబోయి తూలి రెయిలింగ్ పట్టుకుంది. వేద అది చూసింది, బ్యాగులోంచి గ్రనోలా బార్ తీసి తినమని తల్లి చేతిలో పెట్టింది. నళిని దాన్ని మెల్లగా కోటు జేబులో వేసుకుంది.

అంతే, వేదకి ఓపిక అయిపోయింది.

"నువ్వు పడిపోతే ఇక్కడ హాస్పిటల్ కూడా లేదమ్మా! ఇదంతా నా పెళ్ళి కోసమేగా? రేణు ఆంటీ పాట్‌లక్ విందులో అందరి ముందూ చెప్పారు, 'మీ అమ్మ నీ కోసం శనివారాలు మాడుతోంది, నువ్వే ఒప్పుకోవట్లేదు' అని. ఆ ఎంగేజ్‌మెంట్ నేనే వద్దనుకున్నాను. మీరిద్దరూ ఏమీ అనలేదు. కానీ ప్రతి శనివారం తినకుండా నన్ను పనిష్ చేస్తున్నావు. తిడితే బెటర్!"

నళిని కూతుర్ని వింతగా చూసింది, ఇందాక రష్యాని చూసినట్టు.

"పెళ్ళా? నీ పెళ్ళికీ నా అన్నానికీ ఏమిటే సంబంధం? రేణుకి ఏం తెలుసు!"

"మరి దేనికి?"

"నువ్వు ఆ సంబంధం వద్దనుకున్న రోజు శనివారం. ఉంగరం బల్ల మీద పెట్టి, నీ కారు తీసుకుని వెళ్ళిపోయావు. ఫోన్ ఆఫ్. మీ నాన్న కారేసుకుని ఊరంతా వెతికాడు. నేను పెరట్లో గోడ దగ్గర నిలబడ్డాను. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా దిగలేదు. చీకటి పడింది. పక్కింటివాళ్ళ ఖర్జూరం చెట్టు మీద ఒక చుక్క పొడిచింది. అదే నిమిషానికి ఫోన్ మోగింది. 'అమ్మా, ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్నా, బాగానే ఉన్నా' అన్నావు. లోపలికెళ్ళి చల్లారిపోయిన పప్పన్నం గిన్నెతోనే తినేశాను."

గాలి పెద్దగా వీస్తోంది. నళిని కోటు మెడ పైకి లాక్కుంది.

"అప్పట్నుంచీ శనివారం వచ్చిందంటే పగలంతా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. చుక్క కనబడితే నువ్వు బాగున్నావనిపిస్తుంది. అప్పుడు ముద్ద దిగుతుంది. మొక్కూ కాదు, మొండితనమూ కాదే. అడిగినవాళ్ళకి నక్తం అని చెబుతాను, ఆ మాటకి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు కాబట్టి."

"నాకు ఫోన్ చేసి అడగచ్చుగా అమ్మా?"

"శనివారం చేస్తే నువ్వు ఎత్తవుగా."

నిజమే. శనివారం అమ్మ పేరు ఫోన్‌లో వెలిగితే, పెళ్ళి సంబంధం మాటే అనుకుని, వేద దాన్ని బోర్లా పెట్టి పక్కకి నెట్టేస్తుంది. కొన్నేళ్ళుగా అదీ తప్పలేదు. ఇద్దరూ చెరో నోము పట్టారు.

వేద గిరుక్కున తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"మళ్ళీ వెళ్ళిపోయిందండీ," అంది నళిని చిన్న గొంతుతో.

"ఓడలోంచి ఎక్కడికి వెళ్తుందే! పద, కాస్త నడుం వాల్చు." నరసింహ భార్య భుజం మీద చెయ్యి వేసి గదికి తీసుకొచ్చాడు. గుండ్రటి కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆయన కర్టెన్ లాగబోతే, ఆవిడ వద్దంది. ఎందుకో ఆకాశం వైపే చూస్తూ పడుకుంది. అక్కడ మచ్చుకైనా చుక్క లేదు.

మంచం పక్క గోడకున్న ఫోన్ మోగింది. ఓడెక్కినప్పట్నుంచీ అది మోగలేదు. అసలు అది మోగుతుందని కూడా వాళ్ళిద్దరికీ తెలియదు. నళిని ఉలిక్కిపడి అందుకుంది.

"హలో? హూ ఈజ్ దిస్?"

"అమ్మా, నేను వేదని." ఒక్క క్షణం ఆగింది. "బాగానే ఉన్నా."

నళిని లేచి కూర్చుంది. "ఎక్కడున్నావే?"

"పక్క రూంలోనే." మాట ఫోన్లోంచి ఒకసారి వినబడింది, పల్చటి గోడలోంచి ఇంకోసారి. "కిచెన్‌కి వెళ్ళొచ్చా. పప్పు, రైస్ ప్లెయిన్‌గా చేయించా. ఉప్పు తక్కువ, నెయ్యి లేదు, సారీ. నాన్న ఆవకాయ ఉందిగా. ఈ ఫోనే నీ చుక్క అనుకో అమ్మా. తిను."

నళిని రిసీవర్‌ని రెండు చేతులతో చెవికి అదుముకుంది. గోడకి అటువైపు ఎవరో ముక్కు చీదుకున్నారు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానే, పెట్టెయ్యకు."

"పెట్టను. ఇంకోటి. ఆష్‌బర్న్‌లో నీకంటే ముందే చీకటి పడుతుంది. ఇక నుంచి శనివారం నా చుక్క చూసి నేనే కాల్ చేస్తా. చాండ్లర్ చుక్క వచ్చేదాకా నువ్వు ఆకలితో వెయిట్ చెయ్యద్దు."

"అంటే, ఇక్కడి రేపులాగా అక్కడ నీకు ముందే వస్తుందన్నమాట," అంది నళిని, కళ్ళు తుడుచుకుంటూనే ఆశ్చర్యపోతూ.

"అదే. కానీ పెళ్ళి మాట తేకూడదు."

"తేను. ఏం తిన్నావో అడగచ్చా?"

"అడుగు. నువ్వు తిన్నాకే."

నరసింహ తలుపు తీసి చూశాడు. గుమ్మం పక్కన ట్రే మీద మూత పెట్టిన పళ్ళెం ఉంది. ఆయన దాన్ని లోపలికి తెచ్చి, ఆవకాయ సీసా మూత తిప్పాడు. ఇంత సందర్భానికి ఒక జోకు వెయ్యకుండా ఉండటం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నళిని అన్నం కలిపింది. మొదటి ముద్ద ఎత్తి ఆగింది. తర్వాత గోడ మీద వేలి కణుపుతో టకటకా కొట్టింది.

"ఫోన్లో ముద్ద పెట్టలేనే. నువ్వూ మధ్యాహ్నం తినలేదుగా, ఇటు రా."