గాజు తెర మీద బొట్టు

"రేపు పొద్దున్న ఏడింటికి విమానమెక్కితే మన పైలట్ అర్జునరావు చచ్చిపోతాడు," అన్నాడు చీఫ్ భీమశంకరరావు, గాజువాక బస్సులో ఎండుచేపల ధర చెబుతున్నంత నెమ్మదిగా. "వైర్‌లెస్‌లో దొరికిన ముక్క ఒకటే. 'ఏడింటికి ఎగిరే కొంగ మునుగుతుంది.' ఆపాలి."

పక్క సీట్లో ఏజెంట్ గురువులు తలూపాడు. అతగాడి మారువేషం ఎలాంటిదంటే, ఓసారి సొంత పెళ్ళాం కాశమ్మే ముష్టివాడనుకుని మొహం మీద తలుపేసింది!

అది 1986. అర్జునరావు ఎగరేయబోయే విమానంలో ముళ్ళ మీటర్లన్నీ పీకేసి ఒకే గాజు తెర బిగించారు. ఎత్తు ఎక్కడ, వేగం ఎక్కడ కనబడాలో కంప్యూటర్‌కి చెబితే చాలు, అంకెలు అక్కడికొచ్చి కూర్చుంటాయి. అది మన చేతికి దక్కకూడదని ఓ విదేశీ ముఠా పంతం.

మర్నాడు, ఏడుకి ఇంకా రెండు నిమిషాలు. రన్‌వే పక్కనే ఉన్న సముద్రం కనబడటం లేదు, అంతా మంచు. రేవులో ఓడ మూలిగింది. మెకానిక్ వేషంలో గురువులు నిచ్చెనెక్కి, సీట్లో ఉన్న అర్జునరావు భుజం మీదుగా తొంగిచూశాడు. తెర మూలన, నిన్న విమానం పూజలో అసలు మెకానిక్ కామరాజు పెట్టిన బొట్టు. దాని అంచున సన్నటి పచ్చగీత.

"కామరాజూ! నిన్న బొట్టు దేంతో పెట్టావ్?"

"ఇదేటి పెశ్న బావా? పసుపు రాసి కుంకం ఎట్నాను!" కింద చక్రం దగ్గర్నుంచి అరిచాడు కామరాజు, ఓ అడ్డుచెక్క లాగేసి.

గురువులు గోటితో గీకాడు. బొట్టు ఊడి వేలికంటుకుంది. స్టిక్కర్!

రాత్రి ఎవరో తెర విప్పారు. కుంకం చెరిగితే, తమ నుదుటిది తీసి అంటించారు. తెర నేల మీద నిజం చెప్పి, గాల్లోకి లేచాక మూడొందల అడుగులు కలిపి చూపిస్తే? ఈ మంచులో దిగుతూ అర్జునరావు ఇంకా ఎత్తులోనే ఉన్నాననుకుంటాడు, నీళ్ళు తగిలేదాకా.

"ఇంజనాపు! రెండో చెక్క తియ్యకు!"

కింద పద్మావతి నల్లకళ్ళద్దాలు తీసింది. మన కంప్యూటర్ నిపుణురాలు, మన ఏజెంటే, ముఠాకి అమ్ముడుపోయింది. నుదుట అదే పచ్చంచు బొట్టు. లిప్‌స్టిక్ మూత తిప్పింది. లోపల రంగు లేదు, తుపాకీ గొట్టం ఉంది. కామరాజు చేతిలో చెక్క ఆమె మణికట్టు మీద పడింది. తూటా గురువులు చెవి పక్కనుంచి పోయింది.

సరిగ్గా ఏడింటికి ఇంజను ఆగింది. అర్జునరావు దిగి, కామరాజు లాగేసిన చెక్కని మళ్ళీ చక్రం కింద పెట్టాడు.

ఇంటికెళ్ళిన గురువులు చొక్కా చేతికి అంటుకున్న బొట్టుని కాశమ్మ పట్టేసింది.

"ఎవుల్దిది?"

దేశరహస్యం, చెప్పకూడదు. గురువులు మూడ్రోజులు హోటల్లో భోంచేశాడు.