రస్ట్ స్విచ్ మీద అభ్యంతరం

“రస్ట్‌ని మొత్తంగా పీకి పారెయ్. ఇది ఆర్డర్,” అంది ఫిన్లాండ్ గూఢచారి సంస్థ చీఫ్ తూలిక్కి.

“ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా చీఫ్?” అన్నాడు ఏజెంట్ ఇల్మో.

ఫిన్లాండ్ కరెంటు గ్రిడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ పాత సి భాషలో ఉంది. కావాలంటే రస్ట్ భాషలో రాసినవీ కలుపుకొనేలా, ఆర్ని అనే ప్రోగ్రామర్ ఏళ్ల తరబడి తిట్లు తిని, కోడ్‌ను ప్రోగ్రామ్‌గా కూర్చే దాని బిల్డ్ సిస్టమ్‌లో ఒక స్విచ్ పెట్టాడు. అడిగితేనే ఆన్, లేకపోతే ఆఫ్. ఇప్పుడొక విదేశీ ముఠా దానికి తోక తగిలించే ప్యాచ్, అంటే కోడ్‌లో చిన్న మార్పు, పంపింది. కంప్యూటర్లో రస్ట్ కంపైలర్ కనిపిస్తే చాలు, స్విచ్ తనంతట తానే ఆన్ అయి, ముఠా సర్వర్ నుంచి విషపు ప్యాకేజీని దించుకుంటుంది.

ఆ ప్రాజెక్టులో మౌనం అర్ధాంగీకారం కాదు, పూర్తి అంగీకారమే. గడువులోగా, కోడ్ బాగోగులు చూసే మెయింటైనర్లలో ఎవరూ కాదనకపోతే ప్యాచ్ కలిసిపోతుంది. నోరు విప్పడమంటే ప్రాణం మీదికొచ్చే ఫిన్నులు కోరి పెట్టుకున్న పద్ధతి అది. ముఠా నడివేసవి యుహన్నుస్ పండగ మధ్యాహ్నానికి గడువు చూసుకుంది. మెయింటైనర్లంతా ఫోన్లు ఆపేసి సరస్సుల పక్కన సౌనాల్లో, అంటే ఆవిరి స్నానాల గదుల్లో, కూర్చున్నారు.

అప్పటికి తోక తెగకపోతే రస్ట్‌నే నిషేధిస్తానంది చీఫ్.

ఇల్మో పొగబెట్టిన చేపలమ్మేవాడి వేషంలో పడవేసుకుని, మెయింటైనర్లలో ఒకడైన ఆర్ని కాటేజీకి చేరాడు. బుట్టలో చేపల కింద శాటిలైట్ ల్యాప్‌టాప్ ఉంది. రేవులో నల్ల కళ్లద్దాలతో కొరీన్ కూర్చుని ఉంది. ఇటు ఇల్మో సంస్థ దగ్గరా, అటు ముఠా దగ్గరా జీతం తీసుకునే అందగత్తె.

“మంచు ఎప్పుడు కరిగింది?” అన్నాడు కోడ్ మాటగా.

“ఈ ఏడు ఆలస్యమే,” అని ఆమె సౌనా వైపు చూపించింది. “ఆర్నిని లోపల పెట్టి తలుపు వెయ్యమన్నారు ముఠావాళ్లు, వేశాను. గడియ పెట్టమని ఎవరూ అన్లేదు.”

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చిన ఆర్ని సంగతంతా విని మండిపడ్డాడు. “చివరికి నా రస్ట్ తీసెయ్యమంటావ్, అంతేగా? చచ్చినా తియ్యను.”

“తియ్యొద్దు. తోక ఒక్కటే కొయ్యి. గడువు అయిపోవస్తోంది, తొందరగా.”

చెమట కారే వేళ్లతో ఆర్ని కొట్టాడు: ‘అభ్యంతరం. ఐచ్ఛికం అంటే మనిషి అడగాలి.’ మెయిల్ వెళ్లిన మరుక్షణమే గడువు ముగిసింది. ప్యాచ్ ఆగిపోయింది. కొరీన్ చెప్పిన అడ్రసులో పోలీసులు ముఠాను పట్టుకున్నారు. చీఫ్ పళ్లు కొరుక్కుంటూనే నిషేధం కాగితాన్ని చింపేసింది.

ముఠా ఆట ఒక్క మెయిల్‌తో కట్టింది గానీ, ఆ స్విచ్‌కు ఏం పేరు పెట్టాలన్న తగవు మాత్రం మెయింటైనర్ల మధ్య మంచు పడేదాకా సాగింది.