మూడో గీత దగ్గర

డ్రిల్లు మాస్టారు పొగడ్తల కోసం ఎవరినీ ఇబ్బంది పెట్టే మనిషి కాదు. ఆ పనేదో తనే చేసుకుంటాడు. ఇది తనలోని సర్దుకుపోయే గుణమని ఆయన నమ్మకం. ముఖ్యంగా తన కుడిచెయ్యి విషయంలో. పరుగెడుతూ, మెడ తిప్పకుండా, చెయ్యి వెనక్కి చాపితే రిలే కర్ర తనంతట తనే వచ్చి అందులో వాలాలి తప్ప, దాని కోసం వెనక్కి చూడడమన్నది తన చరిత్రలో లేదని ఏటా కొత్త పిల్లలకు చెబుతాడు. పొట్ట తనకంటే అడుగు ముందు నడుస్తున్నా చెయ్యి మాత్రం ఇంకా కుర్రదేనంటాడు.

ఒక్కసారి చూసిన సంగతి మాత్రం చెప్పడు.

ఆయన చదివిందీ ఆ హైస్కూల్లోనే. అప్పట్లో అక్కడో ఆనవాయితీ ఉండేది. రిలేలో కర్ర ఎవరి చేతిలోంచి జారితే వాడు దాన్ని పట్టుకుని, కర్ర చేతులు మారే ఆ గీత దగ్గరే నిలబడాలి. అందుకోవాల్సినవాడు తిరిగొచ్చి తీసుకునేదాకా కదలకూడదు. అంతా సరదాకే. కాసేపు ఏడిపించి, కర్ర అందుకుని, భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చేవాళ్ళు.

ఆ ఏడు మూడో పరుగు గాలిపటానిది. బక్కపల్చటి పిల్లాడు, గట్టిగా గాలొస్తే ఎగిరిపోతాడని ఆ పేరు పెట్టారు. చివరి పరుగు మాస్టారిది. అవతలి జట్టువాడు ఎంత దగ్గరికొచ్చాడోనని మాస్టారు మెడ తిప్పాడు. మెడతోపాటు చెయ్యీ తిరిగింది. కర్ర నేల మీద పడింది, కప్పు పోయింది. తప్పు గాలిపటానిదేనని తలా ఓ మాట అన్నారు. మాస్టారు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. పైగా తనే అలిగి, ఇంటికెళ్ళి ముసుగు తన్నాడు. సాయంత్రం వాన పట్టుకుంది. పిడుగు గ్రౌండులోనే పడింది. పొద్దున వెళ్ళి చూస్తే గాలిపటం మూడో గీత దగ్గరే ఉన్నాడు. కర్ర మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆనవాయితీ అంతటితో ఆగిపోయింది.

ఇన్నేళ్ళకు మాస్టారి కూతురు అదే బడి జట్టులో చివరి పరుగుకి ఎంపికైంది. ఆటల పోటీలు రేపనగా, మిగతా పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, ఇంకొక్కసారి చేద్దామని ఆ పిల్ల పట్టుబట్టింది. బడిలో ఆయన్ని సార్ అనే పిలుస్తుంది. గ్రౌండులో ఎవరూ లేరు గనక అప్పుడు నాన్నే.

పొద్దు వాలుతోంది. మధ్యాహ్నం వానకి నానిన మట్టివాసన, గీతలకు తెచ్చిపెట్టిన సున్నం ఘాటు. జెండా స్తంభానికి తాడు టక్ టక్ మని తగులుతోంది. తరగతి గదుల కిటికీలు ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. కూతురు మూడో గీత దగ్గర నిలబడి చెయ్యి వెనక్కి చాపింది.

వెనక్కి మాత్రం చూడొద్దని మాస్టారు అరిచి చెప్పాడు. కర్రకు బదులు ఇప్పుడు వాడే రేకు బేటన్ పట్టుకుని మలుపు దగ్గర్నుంచి పరుగందుకున్నాడు. పొట్ట ఒకవైపు, ఊపిరి ఒకవైపు.

పక్కన ఇంకెవరో పరుగెడుతున్నారు.

ఒట్టి కాళ్ళు. తడి నేల మీద చప్ చప్ మని. ఎవరూ కనబడలేదు. అడుగులు మాత్రం ఆయన్ని దాటి ముందుకెళ్ళాయి. వెంట కాలిన వాసన...

"అందింది నాన్నా," అంది కూతురు.

మాస్టారి చేతిలో బేటన్ చేతిలోనే ఉంది.

ఆ పిల్ల దూసుకెళ్ళిపోయింది. ముగింపు గీత దగ్గర ఆగలేదు. ఇంకో చుట్టు. ఇంకోటి. ఆగమని మాస్టారు అడ్డం వెళితే చేతుల్లోంచి గాలిలా జారిపోయింది. ఆమె గుప్పిట్లో నల్లగా, బొగ్గులా ఓ కర్ర. పెదాలు తెల్లబడ్డాయి. ముక్కులోంచి రక్తం కారుతోంది.

"కాళ్ళు ఆగట్లేదు నాన్నా..."

అప్పుడు అర్థమైంది మాస్టారికి. తడబడుతూ మూడో గీత దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ముందుకు తిరిగి, అరచెయ్యి వెనక్కి చాపాడు.

అడుగులు దగ్గరపడ్డాయి. బూట్లవి కొన్ని. ఒట్టికాళ్ళవి కొన్ని. మెడ లాగేస్తోంది... తిప్పలేదు. మెడ మీద చల్లటి ఊపిరి... తిప్పలేదు.

అరచేతిలో కర్ర వాలింది.

వెనక ధబ్బుమని కూతురు కూలిపోయిన చప్పుడు. ఆయాసపడుతోంది. బతికే ఉంది. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో చెవి పక్కనే గొంతు.

"మెడ తిప్పకుండా అందుకోవడం ఇప్పుడొచ్చిందిరా నీకు."

మాస్టారు కర్ర మీద గుప్పిట బిగించాడు.

"నీ కోసం నేను నిలబడ్డాను. ఇక నీ కోసం నీ పిల్ల నాలాగే నిలబడుతుంది. నీ చేత్తోనే దానికి అందిస్తావు. అప్పటిదాకా పట్టుకో."

మర్నాటి నుంచి కర్ర పట్టిన మాస్టారి గుప్పిట తెరుచుకోలేదు. నూనె రాశారు, వేణ్ణీళ్ళలో పెట్టారు, డాక్టరు నరాల మందిచ్చాడు. పట్టంటే ఇదీ అని మాస్టారు బడిలో గొప్పలు పోయాడు. లోపల మాత్రం ఆ గుప్పిట అలాగే ఉండాలని మొక్కుకున్నాడు. కూతురికి ఆ సాయంత్రం గురించి ఏమీ గుర్తులేదు. కానీ నిద్రలో ఆమె కుడిచెయ్యి మంచం మీంచి వెనక్కి చాచుకుని ఉంటోంది. అరచెయ్యి పైకి.

మాస్టారు పడక వేరే గదికి మార్చాడు. గడియ పెట్టుకున్నాడు. అయినా తెల్లవారేసరికి కూతురి మంచం పక్కనే నిలబడి ఉంటున్నాడు. డాక్టరు కదపలేకపోయిన గుప్పిట్లో మొదట చిటికెనవేలు విడింది. తర్వాత దాని పక్కది. తువ్వాలు చుట్టి ముడేస్తే, పొద్దున్నకి అది మడతపెట్టి దిండు మీద ఉంది, నడిమివేలూ విడింది. ఇప్పుడు కర్రని బొటనవేలు, చూపుడువేలే పట్టుకుని ఉన్నాయి. కూతురి అరచెయ్యి మాత్రం, ఆరుబయట వానలో చాపినట్టు, తడిగా ఉంటోంది.

కర్ర అందుకోవడం ఎలాగో మాస్టారు ఎందరికో నేర్పాడు. నిద్రలో దాన్ని వదలకుండా ఉండడం ఎలాగో ఆయన ఇంకా నేర్చుకోలేదు.