డోలు లేని దరువు

మెక్సికో నగరంలో కొత్త చర్చి వెనకాల ఒక సందుంది. పొద్దు పొడవకముందు అటు ఎవరూ వెళ్ళరు. వెళితే డోలు వినిపిస్తుందట... డోలూ ఉండదు, వాయించేవాడూ ఉండడు. పాత గుడి వాకిట్లో స్పెయిన్ సిపాయిలు చేతులు నరికేసిన డోలువాడే దెయ్యమై తిరుగుతున్నాడని ఊరంతా చెప్పుకునేది.

ఆ చేతులు నరికింది లోపే సంతియాన్.

సిపాయిగా వచ్చాడు. ఊరు స్పెయిన్ చేతికి చిక్కాక ఇక్కడే తోటా దొడ్డీ సంపాదించుకుని కుదురుకున్నాడు, ఇక్కడివాళ్ళ భాష కూడా పట్టుబడింది. ఈ ఒక్క సంగతి మటుకు పాదిరీ దగ్గర కూడా నోరు విప్పలేదు. "యుద్ధంలో చంపాను" అనేవాడు, అంతే.

యుద్ధమా పాడా! ఆ రోజు వాళ్ళ పండగ. పూలదండలేసుకుని ఆడుతున్నారు, ఒక్కడి దగ్గర కత్తి లేదు. వాకిళ్ళు మూసి మీద పడమన్నారు పైవాళ్ళు... పడ్డాడు. మొదటి వేటే డోలు మీదున్న రెండు చేతుల మీద వేశాడు. ఆ కుర్రాడు అరవలేదు. నా చేతులేవీ అన్నట్టు డోలు వంక చూశాడు... ఆ చూపు లోపేని ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

"దెయ్యానికి నీతో ఏం పనిరా? దాని సొమ్మేమన్నా తిన్నావా?" అని, ఆ సందంటే లోపే జంకడం చూసి, ఒకప్పటి తోటి సిపాయి బర్రోసో సారాకొట్లో ఆటపట్టిస్తే, లోపేకి నవ్వు రాలేదు.

చివరికి ఒక తెల్లవారుజామున సిలువ గుప్పిట్లో పట్టుకుని ఆ సందులోకి నడిచాడు. దెయ్యాన్ని వెళ్ళగొట్టడానికి కాదు... దాని కాళ్ళ మీద పడదామని.

తప్... తప్ తప్... తప్.

అదే దరువు. ఆనాటిదే! సిలువ గట్టిగా పట్టుకుని ముందుకే నడిచాడు. చప్పుడు ఒక గుడిసెలోంచి వస్తోంది... తడిక సందుల్లో పొయ్యి వెలుగు.

తడిక తోశాడు.

ఒకావిడ మొక్కజొన్న రొట్టెలు తడుతోంది. రెండు అరచేతుల మధ్య పిండిముద్ద... తప్, తప్ తప్. ఓరి దేవుడా, ఇన్నేళ్ళూ ఊరు హడలి చచ్చింది రొట్టెల చప్పుడికా? లోపేకి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

"జడుసుకున్నావా అయ్యా? అందరూ అంతే," అందావిడ, తల తిప్పకుండానే. "ఈ దరువు మా ఆయనది. ఆయనిక వాయించలేడు కదా... మర్చిపోకుండా నేనే ఇలా తడుతుంటా."

మూల చీకట్లో ఎవరో కదిలారు. దుప్పటి జారింది... మణికట్ల దగ్గరే ఆగిపోయిన రెండు చేతులు.

చచ్చాడనే అనుకున్నాడు లోపే. ఇన్నేళ్ళూ చచ్చినవాడికే భయపడ్డాడు.

అతను పొయ్యి వెలుగులో లోపే మొహం పోల్చుకున్నాడు.

"ఇతనికీ ఒకటి పెట్టవే," అన్నాడు మెల్లిగా. "నాకు తెలిసినవాడే..."

ఆవిడ పెనం మీది రొట్టె తీసి లోపే ముందు పట్టింది. వేడికి పొగలు కక్కుతోంది.

అందుకోడానికి లోపేకి చేతులు రాలేదు.