రోహిణి కార్తెలో పట్టుచీర

త్రినాథరావుకూ మంజులతకూ మొదటిసారి మాటామాటా వచ్చింది చీర దగ్గరే.

తొంభై రెండు, మే నెలాఖరు. జూబ్లీహిల్స్ కొండమీది స్టూడియోలో అతను అసిస్టెంట్ డైరెక్టర్. ఆమె కాస్ట్యూమ్స్ సెక్షన్లో కుట్టుపని చేస్తుంది. అతని తల్లి పుష్పవల్లి, మంజులతను చూడటానికి ఆదివారం అమలాపురం నుంచి వస్తోంది. ఆవిడ సరేనంటేనే పెళ్లి.

"గంజిపెట్టిన నేతచీర కట్టుకో," అన్నాడు త్రినాథ్. "ఈ ఎండల్లో పట్టు కడితే మా వైపు వేళాకోళం చేస్తారు."

మంజులత ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మా దిక్కు పెద్దోళ్ల ముంగటికి మొదటిసారి పోతే పట్టే కట్టాలె. ఎండైనా, వానైనా. నూలుచీరతోని పోతే లెక్కచెయ్యలేదంటరు."

"మా అమ్మకి అలాంటివి ఉండవు."

"ఆమెను అడిగినవా?"

త్రినాథ్ చేతిలోని ప్యాడ్ తిరగేశాడు.

"హీరోయిన్‌కు ఏ సీన్ల ఏ చీరనో కంటిన్యుటీ రాసినట్టు నాకూ రాస్తున్నవ్. గట్లయితే నేను రాను."

మూడు రోజులు మాటల్లేవు. ఆదివారం పొద్దుటినుంచీ అతను రహమత్ నగర్‌లోని తన మేడమీది గదికీ పిట్టగోడకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. కిందికి చూస్తే సందు ఖాళీ. రోళ్లు పగిలే ఎండ.

"వస్తుందిలేరా," అంది పుష్పవల్లి, తెల్లటి నేతచీర చెంగుతో విసురుకుంటూ.

పదకొండున్నరకు ఆటో ఆగింది. దిగింది మంజులతే. పోచంపల్లి పట్టుచీర. అతనివైపు చూడనైనా చూడకుండా మెట్లెక్కి వచ్చి, పుష్పవల్లి కాళ్లకు దండం పెట్టింది. నుదుటిమీద కుంకుమ చెమటకు కారిపోతోంది.

పుష్పవల్లి ఆమెను ఎగాదిగా చూసింది. చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి గడియ వేసింది.

త్రినాథ్ బయటే ఉండిపోయాడు. లోపల ఏం జరుగుతోందో. ఆ పిల్ల ఏడుస్తోందేమో. తలుపు తట్టబోయి రెండుసార్లు ఆగాడు. మూడోసారి ఆగలేకపోయాడు.

"అమ్మా, తప్పు ఆమెది కాదు. అది వాళ్ల మర్యాద. తెలియక నేనే ఏదేదో చెప్పాను. నువ్వేమన్నా సరే, నేను మంజులతనే చేసుకుంటాను."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. తలుపు తెరుచుకుంది.

మంజులత ఒంటిమీద లేత నీలం వెంకటగిరి నూలుచీర. అమ్మది. ముఖం కడుక్కుని, తాజాగా బొట్టు పెట్టుకుంది.

"నేనేమన్నానని?" అంది పుష్పవల్లి. "నాకోసం అంత మర్యాదగా కట్టుకొచ్చింది, కళ్లారా చూసుకున్నాను. ఇంకా పట్టులో ఉడికిపోవడం దేనికని నా చీర ఇచ్చాను. కోడలికి కాక ఎవరికిస్తాను?" అంటూ అన్నం వడ్డించడానికి స్టవ్ వైపు వెళ్లింది.

మంజులత గుమ్మంలోనే నిలబడింది. కళ్లు చెమ్మగిల్లాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"తలుపు బయట నిలబడి ఒక మాటన్నవ్ గదా. మళ్లొకసారి అను. జర గట్టిగ."

"సందంతా వింటుంది."

"విననీ."

త్రినాథ్ అన్నాడు. గట్టిగానే.