అత్తిమాను కింద ఏడుపు

మారికుప్పానికి రెండు మైళ్ళ ఇవతల, ఊరి బయట ఎండిపోయిన వాగు గట్టున ఒక అత్తిమాను ఉంది. మేడిచెట్టు అని కూడా అంటారు దాన్ని. పొద్దుగూకితే ఆ దారిన ఇప్పుడు ఎవరూ పోరు. బిడ్డ ఏడుస్తుందట... అప్పుడే పుట్టిన బిడ్డ, గొంతు ఇంకా విచ్చుకోని ఏడుపు.

విన్నవాళ్ళకు కొదవలేదు. రాగిచేనికి కాపలా పోయి విన్నామని ఒకరు, మోటారు వేయబోయి విన్నామని ఇంకొకరు. పాల డెయిరీ సెక్రెటరీ బచ్చప్ప అయితే ఏకంగా చూశానన్నాడు — కొమ్మకు తలకిందులుగా వేలాడుతోందట. గబ్బిలం కాదు గదా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే కథ చెడిపోతుంది.

నిజం చెప్పాలంటే, అంతకు ముందు ఆ మానుకు ఏ చెడ్డపేరూ లేదు. గీస్తే పాలు కారే మాను అది. అందుకని ఆవు ఈనితే మాయను వరిగడ్డిలో చుట్టి దాని కొమ్మకే కట్టేవారు, ఆవుకు పాలు తగ్గవని. పిల్లలకు చెంపల కింద గవదలు వాస్తే ఆ పాలే పూసేవారు. పుండు కడగడానికి బెరడు కాచేవారు. పండ్లు విప్పితే లోపల పురుగులే. అయినా మేకలకూ, పిట్టలకూ, ఆకలేసిన పిల్లలకూ అడ్డం చెప్పినవాళ్ళు లేరు.

అలాంటి చెట్టుకు దెయ్యాన్ని అంటగట్టినవాడు ఒకే ఒక్కడు. మునిశామప్ప. రెండు ఆవులు పెట్టుకుని, పొద్దున్నా సాయంత్రం డెయిరీకి పాలు పోసే మనిషి. అబద్ధమాడడం కూడా సరిగ్గా చేతకాదు పాపం.

అతని కోడలు దీపశ్రీకి తొమ్మిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో కడుపు కోసి బిడ్డను తీశారు. ఊపిరి లేదు. తల్లికి రెండు రోజులు స్పృహ లేదు. కొడుకు లోకేశ్ ఆస్పత్రి మెట్ల మీద కూలబడి లేవలేకపోయాడు. బిడ్డను పాత పంచెలో చుట్టి తెచ్చి, రాత్రికి రాత్రి అత్తిమాను మొదట్లో పూడ్చింది మునిశామప్ప ఒక్కడే. పాలమాను గదా, తల్లిలాగా చూసుకుంటుందనుకున్నాడు. మట్టి కప్పుతూ ఏడ్చాడు.

ఇంటికి రాగానే భార్య చిన్నవెంకటమ్మ గట్టిగా చెప్పింది.

"తల్లికి ఏమీ చెప్పగూడదు. ఏం బిడ్డో, ఎట్ల ఉన్నిందో, యాడ పెట్టినావో... ఒగటీ చెప్పగూడదు. తెలిస్తే మనసు ఆడనే ఉండిపోతాది. ఇంగ కడుపు నిలవదు."

పెద్దల నాటి మాట. ఇంటిల్లిపాదీ పాటించారు. దీపశ్రీ అడిగితే, షిఫ్టుకు టైమయిందని లోకేశ్ మాలూరు రైలెక్కేవాడు. అత్త వేడివేడిగా మిరియాల చారు తెచ్చి ముందు పెట్టేది. మామ ఆవుల దగ్గరికి పోయేవాడు. నాలుగు రోజులు అడిగి, ఆ పిల్ల అడగడం మానేసింది.

కోడలు ఇంటికొచ్చిన రాత్రి మునిశామప్పకు మాత్రం నిద్ర పట్టలేదు. బెరడుకని, పాలకని మాను దగ్గరికి మనుషులు వస్తారు. కొత్తమట్టి చూస్తారు. చూసిన నోరు ఊరుకోదు. ఆ మాట దీపశ్రీ చెవిన పడితే...

అందుకే ఆ తెల్లవారుజామునే, డెయిరీ దగ్గర క్యాను దించుతూ మెల్లగా అన్నాడు. "ఆ అత్తిమాను కాడికి పోవద్దండప్పా. రాత్రిళ్ళు బిడ్డ ఏడుస్తా ఉండాది."

ఆ తర్వాత అతను మళ్ళీ నోరు విప్పాల్సిన పని లేకపోయింది. వారం తిరిగేసరికి మేకలు కూడా అటు పోవడం మానేశాయి.

పదిహేను రోజులు గడిచాయి. ఒక రాత్రి వాళ్ళ ఎర్రావు ఈనింది. మూడు గంటలకు మాయ పడింది. కుక్కలు లాక్కుపోకముందే, కాకి కన్ను పడకముందే దాన్ని పాలమానుకు కట్టిరావాలి.

"ఆడికి పోవద్దబ్బా," అంది చిన్నవెంకటమ్మ. "నువ్వే గదా చెప్పినావు, బిడ్డ ఏడుస్తాదని."

"నన్నేమీ చెయ్యదులే," అన్నాడు మునిశామప్ప.

గడ్డి మూట చంకన పెట్టుకుని బయలుదేరాడు. పూడ్చిన రాత్రి తర్వాత అతను అటు పోలేదు. ఈ సాకుతోనైనా ఒక్కసారి చూసి రావాలని ప్రాణం కొట్టుకుంది. టార్చి ఉంది గానీ వెయ్యలేదు. అరిగిపోయిన చంద్రుడు అప్పుడే లేస్తున్నాడు. దూరాన మూతపడిన బంగారు గనుల మట్టిదిబ్బలు తెల్లగా కనిపిస్తున్నాయి.

వాగు దిగాడు. గట్టెక్కాడు.

టప్...

ఆగిపోయాడు.

టప్... టప్...

ఎండుటాకుల మీద ఏదో పడుతోంది. పండ్లు రాలుతున్నాయేమో అనుకున్నాడు. కానీ పండు పడితే గట్టు మీద నుంచి దొర్లుతుంది. ఇది దొర్లడం లేదు... పడినచోటే ఇంకిపోతోంది.

ఇంకో నాలుగు అడుగులు వేశాడు. అప్పుడు వినిపించింది — గుసగుసగా, చెట్టు మొదట్లోంచి.

"తాగు... మెల్లగా తాగు... ఎక్కిళ్ళు వస్తాయి..."

దెయ్యం లేదని ఊరు మొత్తంలో తెలిసినవాడు తానొక్కడే. ఆ కథ పుట్టించినవాడు తానే. అయినా ఎదురుగా, చెట్టు మొదట్లో, తెల్లటి ఆకారం ఒకటి వంగి కూర్చుని ఉంది... సరిగ్గా అక్కడే. తనకు తప్ప ఇంకెవరికీ తెలియని ఆ మూరెడు నేల మీదే.

మూట చంకలోంచి జారి కిందపడింది.

ఆకారం తలెత్తింది.

"ఎవురూ...?"

తెలిసిన గొంతు. టార్చి వేశాడు. దీపశ్రీ. నైటీ మీద తెల్ల దుప్పటి కప్పుకుంది. ముందర ఆకుల మీద పాలచుక్కలు. గబుక్కున టార్చి ఆర్పి మొహం తిప్పుకున్నాడు. ఆమె దుప్పటి సర్దుకునేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఈ చీకట్లో... ఈడ ఏం చేస్తా ఉండావమ్మా?"

"బిడ్డ ఏడుస్తా ఉండాదంట గదా మామా," అంది దీపశ్రీ. "ఎవురి బిడ్డో, ఏమో. ఆకలికి గదా ఏడ్చేది. నా పాలు ఊరికే పోతా ఉండాయి. రొమ్ములు గట్టిపడి జొరం వస్తా ఉండాది. పాలు ఇంకిపోతాయని అత్త మల్లెపూలు తెచ్చి కట్టుకోమనింది. తాగే నోరు ఒగటి ఈడ ఉంటే, కట్టుకునేది ఎందుకని... ఆరు రోజులుగా వస్తా ఉండాను."

బిడ్డ ఏడుస్తుందంటే ఊరంతా భయపడి దూరం పోయింది. పాలు చేపుకొచ్చిన తల్లి దగ్గరికే వస్తుందని, పుట్టిన కాడి నుంచి ఆవుల మధ్య బతికిన తనకు తట్టకపోయెనే అని మునిశామప్ప కుమిలిపోయాడు.

"ఏడుపు లేదమ్మా," అన్నాడు. "నేనే అబద్ధం చెప్పినాను. ఎవురూ ఈడికి రాకుండా ఉండాలని."

"ఎందుకు?"

అతను వంగి నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె కూడా కిందికి చూసింది. తాను కూర్చున్న చోటు అరచేత్తో తడిమింది... పక్కన గట్టినేల తడిమింది... మళ్ళీ ఈ మెత్తటి మట్టి మీదే చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఈడనేనా మామా?"

"ఈడనే."

ఆమె కేక పెట్టలేదు. దుప్పటి చెంగు ఆ మట్టి మీద కప్పింది.

"ఏడుపు అబద్ధం కాదు," అంది చాలా మెల్లగా. "ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రే నాకు వినిపించింది. మీరు డెయిరీ కాడ చెప్పింది... దాని మర్నాడు గదా?"

మునిశామప్ప వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది. మర్నాడే.

"మామా... ఆడబిడ్డా, మొగబిడ్డా?"

చెబితే ఇంక కడుపు నిలవదన్న మాట గుర్తుకొచ్చింది. మనవడో మనవరాలో తన ఇంట్లో పారాడాలని అతనికి మాత్రం లేదా? కానీ కన్నతల్లి, ఏం బిడ్డను కన్నదో చీకట్లో కూర్చుని అడుగుతోంది. అతను కూడా నేల మీద కూలబడ్డాడు.

"ఆడబిడ్డమ్మా."

"ఎట్ల ఉన్నింది?"

"తెల్లగా ఉన్నింది. తలనిండా వెంట్రుకలు."

"ఇంగా?"

"గడ్డం కాడ నీ మాదిరే సొట్ట."

"ఇంగా?"

"వేళ్ళు... పొడుగు. పిడికిలి మూసుకోనున్నింది. నేను విప్పి, మళ్ళా మూసినాను."

అతను చూసింది టార్చి వెలుగులో, పంచె విప్పి మళ్ళీ కప్పేలోపల, ఆ కాస్త సేపే. అంతకు మించి చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. తూర్పున మెల్లగా తెల్లారుతోంది.

"ఇంగా?" అంది దీపశ్రీ.