పో అనకూడని ఇల్లు

మా తమ్ముడి కూతురికి ఏడో నెల. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. పొద్దుపోక, అల్లుడు తెచ్చిపెట్టిన వీడియో గేములన్నీ ఆడేస్తోంది. తల్లీబిడ్డా క్షేమంగా చేతికొస్తే చాలు దేవుడా అనుకుంటూ, నేను పక్కన కూర్చుని చంటిదానికి ఊలు టోపీ అల్లుతుంటాను.

"ఆడదగ్గదంటే ఇదే అత్తా," అంది ఆ మధ్యాహ్నం. "మిగతావన్నీ గదుల్లోనే తిప్పుతాయి. ఇందులో గ్రహం మొత్తం మనదే. ఎటైనా వెళ్ళొచ్చు. మైకులో మాట్లాడితే అక్కడివాళ్ళు వింటారు కూడా."

నేనూ తెర వైపు చూశాను. అక్కడి నేల మట్టిలా లేదు. తోలు ఒలిచిన మాంసంలా తడితడిగా, అడుగు పడిన చోటల్లా చీము ఊరుతూ ఉంది. దూరం నుంచి ఒకటి పాకుతూ వచ్చింది. ముఖం ఉండాల్సిన చోట తడి గుంట. దాని చుట్టూ వేళ్ళలాంటివేవో ఆగకుండా గాలిలో తడుముకుంటున్నాయి.

"ఛీ! పో!" అని మైకులో అరిచింది పిల్ల.

నా చేతిలో ఊలు ఆగింది. దీని తల్లి, మా మరదలు, పురిటికి ఆస్పత్రికి బయల్దేరుతూ, గుమ్మంలో వేలి ఉంగరం తిప్పుకుంటూ "పోతున్నా వదినా" అంది. తను తిరిగి రాలేదు. దీన్ని మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాం. పెంచింది నేనే. ఆనాటి నుంచీ మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రానివ్వను.

"ఒట్టి మనిషివి కూడా కాదు. పో అనకు. వెళ్ళి రా అను."

"దానికా! కుర్చీ వేసి కాఫీ కూడా ఇమ్మంటావా?" పకపకా నవ్వి మైకు నా నోటి దగ్గర పెట్టింది. "అంత మర్యాదైతే నువ్వే సాగనంపు."

అలవాటైన నోరు.

"వెళ్ళి రా నాయనా," అన్నాను.

అది ఆగింది. గుంటను మా వైపు తిప్పింది. బుద్ధిగా తలూపి, తెర అంచు దాటి వెళ్ళింది. పిల్ల గ్రహమంతా గాలించింది. ఎక్కడా లేదు.

"ఇలా మాయమవకూడదే..." అని గొణిగి టీవీ కట్టేసింది.

అప్పుడే వాసన మొదలైంది. మురిగిన మాంసం, పుండు మీంచి ఊడదీసిన పాత గుడ్డ... రెండూ కలిసిన వాసన. కిటికీలు తీశాను. తగ్గలేదు. మంచం కింద చూశాను. ఏమీ లేదు. దుప్పటి తొలగించాను...

పిల్ల బొడ్డు చుట్టూ తడి. పచ్చగా, జిగురుగా, తీగలుగా సాగుతోంది. తువ్వాలుతో తుడిచాను. మళ్ళీ ఊరింది. మళ్ళీ తుడిచాను. దేవుడి పేరు నాలుక మీదికి రాలేదు.

"అత్తా..." గుసగుసగా అంది. "పొద్దున్నంతా తన్నింది. ఇప్పుడు తన్నట్లేదు."

"నిద్రపోతోందిలే అమ్మా."

దాని పొట్ట మీద అరచేయి ఆన్చాను. తన్ను లేదు. చర్మం అడుగున మాత్రం ఏవో... తడుముకుంటూ... ఒక్కొక్కటిగా వచ్చి నా వేళ్ళ సందుల్లోకి దూరాయి.

"కదిలిందా అత్తా?"

అవి నా చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

ఒకదానికి ఉంగరం ఉంది.